ముందు మా నాయన పక్షం

నా చిన్నప్పుడు నాకు కోపం ఎక్కువని మా పాళెంలో అందరూ అనేవారు. పెద్దయ్యాక తగ్గుతుందని మా అమ్మ ఆశపడింది. తగ్గలేదు. ఇది రాస్తున్న ఈ పూట కూడా తగ్గలేదు. అయితే ఆ కోపాన్ని ఏ వాక్యం దాకా అదుపులో ఉంచుకోవాలో, ఏ వాక్యం దగ్గర వదలాలో నాకొక మనిషి నేర్పింది. ఆమె మా పక్కింటి అక్క. నేర్పిన తీరు ఎలాంటిదంటే, ఆనాడు చేతికి పడవ గెడ అంది ఉంటే దాన్ని ఆమె వీపు మీద విరిచేదాన్ని.

మాది పులికాట్ సరస్సులో దిబ్బ మీది ఊరు. దొరవారిసత్రం చేరాలంటే పడవలో నీళ్లు దాటాలి. మగవాళ్లు సరస్సులో వల వేసేవారు. ఆడవాళ్లు ఆ చేపల్ని, రొయ్యల్ని గంపలకెత్తి ఒడ్డు ఊళ్లలో తిరిగి అమ్మేవారు. అమ్ముడుపోనివి ఇసుకలో ఎండబెట్టేవారు. ఊరికి ఒకటే బడి, ఆ బడికి ఒక్కరే అయ్యవారు. ఐదో తరగతితో అక్కడి చదువు అయిపోతుంది. నా చదువు అయిపోయాక కూడా నేను వెళ్లి ఆ గుమ్మంలోనే కూర్చుంటూ ఉంటే, అయ్యవారు కసురుకోకుండా తమ ఇంట్లోనే పై తరగతుల పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. వారిది మా ఇంటిని ఆనుకుని ఉన్న ఇల్లు. వారి కూతురే నేను చెప్పే అక్క. నెల్లూరులో కాలేజీలో చదువుకుంటూ సెలవులకు వచ్చేది. కాలేజీలో వాదోపవాదాల పోటీ జరిగితే ఏ పక్షం వైపు నిలబెట్టినా ఆ పక్షాన్ని గెలిపించే మనిషి అని ఆమెకు పేరు. మనిషి చూస్తే నెమ్మది. గొంతు పెంచడం నేనెన్నడూ వినలేదు.

నాకు పన్నెండో పదమూడో ఏడు నడుస్తుండగా అయ్యవారికి గూడూరు నుంచి ఒక కబురు వచ్చింది. అక్కడ ఒక ధర్మసంస్థ వారు ఆడపిల్లల హాస్టలు నడుపుతున్నారు. సరస్సు పల్లెల నుంచి ఒక్క పిల్లకు చోటిచ్చి హైస్కూలు చదివిస్తారట. ఎవరికివ్వాలో తేల్చడానికి వ్యాసం రాయిస్తారట. అంశం ముందే తెలిపారు. రాయవలసింది మాత్రం వారి ఎదుట కూర్చుని, గంట లోపల. ఆ ఒక్క చోటు నాకు దక్కితే చదువు. దక్కకపోతే రొయ్యలు ఎండబోసే ఇసుక. మధ్యలో మూడో దారి లేదు.

అయ్యవారు అంశం చదివి వినిపించారు. ‘తండ్రి వృత్తే బిడ్డకు తగిన చదువు. అవునా, కాదా? ఎదుటి పక్షం వాదనను కూడా పరిశీలిస్తూ వ్రాయుము.’

ఆ ప్రశ్న ఎవరినుద్దేశించి వేశారో చూడండి. గూడూరు వకీళ్ల పిల్లల్ని అది అడగలేదు. మైకా వ్యాపారుల కొడుకుల్ని కూర్చోబెట్టి, నాయనా, నీకు బడి తగునా, రెండు పక్షాలా ఆలోచించి చెప్పు అనలేదు. చదువు కావాలని నీళ్లు దాటి వచ్చే పిల్లల్ని మాత్రమే అడిగారు. ఆకలితో ఉన్నవాణ్ణి విస్తరి ముందు కూర్చోబెట్టి, నీకు అన్నం అవసరమా కాదా ముందు వాదించి చూపించు అన్నట్టు. ఇది వాళ్లకు తట్టి ఉండకపోవచ్చు. తట్టకపోవడమే నాకు ఎక్కువ మంట.

అక్క తన గంట కొట్టే గడియారం ముందు పెట్టి నాచేత మొదటిసారి ఆ వ్యాసం రాయించింది. నేను పెన్ను నొక్కిన నొక్కుడికి కాగితం అటువైపు ఉబ్బింది. చదువు కాంతి అన్నాను, అజ్ఞానం చీకటి అన్నాను, తండ్రి వృత్తికి కట్టిపడేసేవాళ్లను రాక్షసులన్నాను. చివర్లో ఎదుటి పక్షం గుర్తొచ్చింది. గడియారం మోగబోతోంది. గబగబా రెండు ముక్కలు రాశాను: ‘కొందరు మూర్ఖులు చదువు వద్దందురు. వారి మాట పూర్తిగా తప్పు.’

అక్క అంతా చదివి ఆ ఆఖరు ముక్కల మీద వేలు పెట్టింది.

“ఈ మూర్ఖులు ఎవరు మే? మన దిబ్బ మీదే ఉంటే చెప్పు, పోయి ఒకసారి పలకరించి వస్తా.”

“ఎవరో ఒకరు ఉంటార్లే అక్కా.”

“ఒక్కరి పేరు చెప్పు.”

ఎంత ఆలోచించినా ఒక్క పేరూ రాలేదు. అప్పుడామె చెప్పిన మాట సారాంశం ఇది. ఓడించడానికి వీలుగా ఉండేటట్టు ఒక మనిషిని నువ్వే పుట్టించావు. వాడికి నోరివ్వలేదు, కారణం ఇవ్వలేదు, తిట్టు మాత్రం ఇచ్చావు. పేపరు దిద్దేవాళ్లలో నిజంగానే ఆ పక్షం నమ్మే పెద్దమనిషి ఒకరుంటే, నువ్వు అతనితో మాట్లాడనే లేదు. పైగా మూర్ఖుడన్నావు. అతను నీకు చోటెందుకు ఇవ్వాలి?

“వాళ్ల పక్షం నేను ఎందుకు మాట్లాడాలి? నా నోటితో నేనే చదువు వద్దని చెప్పుకోవాలా?” అని అరిచాను.

“చెప్పుకోవాలి. చదువు వద్దనే అసలు మనిషిని నీకు రేపు చూపిస్తా. అప్పటిదాకా ఆ కోపం ఖర్చు పెట్టుకోకు” అని ఆమె గడియారం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

మరునాడు సాయంత్రం మా నాయన ఒడ్డున కూర్చుని చిరిగిన వల అల్లుతున్నాడు. నేను ఎండిన రొయ్యల్ని గంపకెత్తుతున్నాను. అక్క వచ్చి ఆయన పక్కన ఇసుకలో కూర్చుంది. నా పరీక్ష గురించి మంచి మాట చెప్పడానికి వచ్చిందనుకుని నేను సంతోషించాను. మా నాయన అప్పటికే ఒప్పుకుని ఉన్నాడు. అయ్యవారు అడిగితే “సరే” అన్నాడు. ఆ సరేను నేను రాయి మీద చెక్కిన మాట అనుకున్నాను.

“చిన్నాయనా, తెలియక అడుగుతుండా. ఈ పిల్లని గూడూరు పంపితే నీకేమొస్తుంది?” అని మొదలుపెట్టింది అక్క. “ఇక్కడ పని చెడిపోదా? అక్కడ చదివి ఇక్కడికి తిరిగొస్తుందని ఏంది నమ్మకం?”

మా నాయన వల అల్లే చెయ్యి ఆగింది. అయ్యవారి కూతురే ఈ మాట అంటుందని ఆయన అనుకోలేదు. ఒకసారి నావైపు చూసి, మళ్లీ వలవైపు చూశాడు.

“నువ్వు అడిగినావు గాబట్టి చెప్తుండా అమ్మణ్ణీ. అయ్యవారి మొహం చూసి సరే అన్నా గానీ, నాకు లోపల ఒప్పలేదు.”

ఆ తర్వాత ఆయన చెప్పినంత పొడుగు మాట నేను ఆయన నోట అంతకుముందు వినలేదు. సరస్సులో చేప దొరికే మంచి చోట్లు కొన్నే. అవి ఫలానావాడి సొత్తు అని లేదు. వానలకు ముందు ఊరి పెద్ద అందరినీ కూర్చోబెట్టి, పుస్తకం అక్కరలేకుండా, నోటితోనే పేర్లు పిలుస్తాడు. పిలిచిన వరుసన ఆ చోట్లలో వల వేసే వంతు ఒక్కొక్కరికి వస్తుంది. దాన్ని మేం పాడు అంటాం. రెండు పడవలున్నవాడికీ ఒకటే వంతు, నిరుడు తండ్రి పోయినవాడికీ ఒకటే వంతు. మా నాయన చెప్పిందేమంటే, ఇంత ధర్మంగా మనిషిని చూసుకునే పని బయట ఎక్కడుంది? ఆఫీసులో ఉందా? చదివినవాడికి ఉద్యోగం ఇస్తామని ఎవరైనా పేరు పెట్టి పిలుస్తారా? ఊరు వదిలి పోయినవాడి పేరు పాడులో పిలవరు. వాడికి అక్కడా చోటు ఉండదు, ఇక్కడా ఉండదు.

తర్వాత ఆయన ఇంకొక సంగతి చెప్పాడు. మా ఊరి నుంచే చదువుకుపోయిన ఒకాయన ఒకనాడు తిరిగొచ్చి, పడవ దిగుతూనే జేబురుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. ఆ వచ్చింది వాళ్ల నాయన పడవలోనే.

“ఆ ముసలాయన మొహం పక్కకు తిప్పుకొని గెడ ఏసుకుంటా పోయినాడు. నా బిడ్డ నా ముందర అట్టా ముక్కు మూసుకుంటే నేను చూడగలనా అమ్మణ్ణీ?”

అక్క కాదంటుందని ఎదురుచూశాను. ఆమె తల ఊపింది. “నువ్వు చెప్పింది సబబే చిన్నాయనా. పంపకపోతేనే మేలు” అంది.

“అంతేనంటావా?”

“అంతే.”

“అట్టయితే నేను పంపను. మీ నాయనకు నువ్వే చెప్పు.”

నా చేతిలో గంప ఎట్లా జారిందో తెలియదు. రొయ్యలన్నీ ఇసుకపాలు. ఇద్దరినీ కలిపి నోటికొచ్చినట్టు తిట్టాను. మా నాయన కోప్పడలేదు. అక్కను చూసి, “చూసినావా? చదవకముందే ఈ నోరు. చదివొస్తే మమ్మల్ని దిబ్బ మీద నిలవనిస్తుందా?” అని మళ్లీ వల చేతికి తీసుకున్నాడు. అటు పోతున్న ముసలవ్వ ఒకామె, “ఏం మే కలెట్రమ్మా, కచేరీ అప్పుడే మొదలుపెట్టినావా?” అని నవ్వింది.

అక్కను వాళ్ల ఇంటి వెనక పట్టుకున్నాను. నా చోటు పోగొట్టావు, నీకేం, నువ్వు నెల్లూరు పోయి చప్పట్లు కొట్టించుకుంటావు అన్నాను. ఆమె క్షమించమనలేదు. దానికి నాకు ఇంకా మండింది.

“మీ నాయన ‘సరే’ ఎంత గట్టిదో చూసినావా?” అంది నెమ్మదిగా. “ఒక ఆడపిల్ల వచ్చి రెండు మాటలడిగితే ఊడిపోయింది. ఆయన లోపల ఉన్న మాట నేను పుట్టించింది కాదు. నువ్వు వినకపోయినా అక్కడే ఉంది. రేపు నువ్వు హాస్టల్లో ఉన్నప్పుడు మీ అమ్మకు జ్వరమొస్తే అది బయటికొస్తుంది. అప్పుడు నువ్వు బదులు చెప్పడానికి ఇక్కడ ఉండవు. ఎవరో వచ్చి నీ పెట్టె కట్టించి తీసుకొస్తారు. అందుకే ఇప్పుడు రానిచ్చినా.”

పరీక్ష మరునాడే. తెల్లవారగానే పడవ ఎక్కితే తప్ప దొరవారిసత్రంలో పొద్దుటి రైలు అందదు. మా నాయన రోజూ బయలుదేరే ముందు పడవలో ఊరిన నీళ్లు తోడి పోస్తాడు. ఆయన తోడడం మొదలుపెట్టినప్పటి నుంచి పడవ తోసేలోగా నీకున్న సమయం, అంది అక్క. ఆ కాస్త సమయంలో ముందు ఆయన పక్షం చెప్పు. ఆయన విని, అవును, నేనన్నది ఇదే అనేటట్టు చెప్పు. అందులో నిజమున్న చోట నిజమని ఒప్పుకో. ఆ తర్వాతే నీ జవాబు. ఆ జవాబు కూడా పుస్తకంలోది కాకూడదు, ఆయనకు తెలిసిన లోకంలోది కావాలి. కోపమంతా అక్కడికి దాచిపెట్టుకో.

చీకటి పడేలోపు ఆమె నాచేత మా నాయన పక్షం పలికించింది. తానే మా నాయన అయి ఎదురుగా కూర్చుంది. నేను వెటకారంగా అన్న ప్రతిసారీ ఆపింది. “మీ నాయన ఇట్టా అంటాడా? ఆయన్ను నువ్వు ఎక్కిరిస్తుండావు. మళ్లీ చెప్పు.” నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే చెప్పాను. చివరకు, మరి దీనికి జవాబేంది అని అడిగితే, “నన్నడిగితే నేనేం చెప్తా? నేను మీ నాయన పక్షం కదా” అని లేచి వెళ్లిపోయింది.

తెల్లవారుతూ ఉండగా ఒడ్డుకు పోయాను. నా దగ్గర జవాబు లేదు. కోపం ఉంది. అయ్యవారు గొడుగు పట్టుకుని, ఎందుకైనా మంచిదని తయారై నిలబడి ఉన్నారు. అక్క దూరంగా ఉంది. మా అమ్మ గంపతో పడవ కోసం చూస్తోంది. మా నాయన నన్ను చూసి కూడా చూడనట్టు, పడవలోకి వంగి తోడి పోయడం మొదలుపెట్టాడు.

“నాయనా, నువ్వు నిన్న చెప్పింది నేను చెప్తా, తప్పుంటే సరిచెయ్యి” అన్నాను.

నేను మొదలుపెట్టాను. పాడు ధర్మమైనదన్నాను. ఉన్నవాడికీ లేనివాడికీ ఒకటే వంతు ఇచ్చే పని గూడూరులో లేదన్నాను. వదిలి పోయినవాడికి రెండు చోట్లా చోటు లేకుండా పోతుందన్నాను. జేబురుమాలు ఆయన సంగతి చెప్పి, అట్లాంటి చదువు కంటే చదువు లేకపోవడమే మర్యాద అన్నాను. ఆ మాట అంటుంటే అది నిజమని నాకే తోచింది. మొన్న నేను మూర్ఖుడని రాసిన మనిషి ఈయనే. ఈయన మాటలో ఇంత బరువుంది. తోడే చెయ్యి నెమ్మదించింది.

“ఇంకోటి మరిచినావు” అన్నాడు తల ఎత్తకుండా. “మీ అమ్మ. గంప తలకెత్తేటప్పుడు పక్కన చెయ్యి పట్టేది నువ్వే.”

“అది నిజం నాయనా. దానికి నేనేం చెప్పలేను” అన్నాను. మా అమ్మ వెనకనుంచి, “నా గంప సంగతి నేను చూసుకుంటా. మధ్యలో నన్ను లాగబాకండి. రైలుకు టైమవుతుండాది” అని విసుక్కుంది.

జవాబు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, చెప్పిందే మళ్లీ చెబుతూ పోయాను. వానలకు ముందు అందరినీ కూర్చోబెడతారు, వయసొచ్చిన ప్రతి బిడ్డ పేరూ పిలుస్తారు అనబోయాను. నోరు ఆగిపోయింది. ప్రతి బిడ్డ పేరూ పిలవరు. నేను పుట్టిన నాటి నుంచి ఏటా ఆ పిలుపు వింటున్నాను. మేనమామల పేర్లు విన్నాను, నాతో బడిలో కూర్చుని అక్షరం రాక దెబ్బలు తిన్న పిల్లల అన్నల పేర్లు విన్నాను. ఒక్క ఆడమనిషి పేరు వినలేదు.

అప్పుడు వదిలాను దాచిపెట్టుకున్న కోపాన్ని.

“పాడు మంచిదే నాయనా, నేను కాదనను. అందులో నా పేరు ఎప్పుడు పిలుస్తారు? నాకు ముప్పై ఏళ్లొస్తే పిలుస్తారా? అమ్మ ఇన్నేళ్లు గంప మోసింది, అమ్మ పేరు ఒక్కసారైనా పిలిచినారా? తండ్రి పనే బిడ్డకు చదువంటే, నీ పని నాకు ఇస్తారా? ఇయ్యరు. నీ తర్వాత నీ వంతు నాకు రాదు. మరి నా చోటు ఎక్కడ ఉండాది? లేని చోటును వదిలి పోతానని నన్ను ఎందుకు ఆపుతుండావు?”

నేనెంత గట్టిగా అరిచానో నాకు తెలియదు. ఒడ్డున ఉన్నవాళ్లందరూ ఇటు తిరిగారు. మా నాయన నడుం నిటారు చేసి నిలబడ్డాడు. పడవలో నీళ్లు ఇంకా మిగిలే ఉన్నాయి. మా అమ్మ నావైపు కాక ఆయనవైపు చూస్తోంది. ఆయన మళ్లీ వంగి ఆ మిగిలిన నీళ్లు తోడి పోశాడు. పాడులో పుట్టి పెరిగిన మనిషి. పిలుపులో ఎవరి పేర్లు ఉంటాయో నాకంటే ఆయనకే బాగా తెలుసు.

“ఎక్కు” అన్నాడు.

గూడూరు స్టేషనులో నిమ్మకాయల బస్తాలు గుట్టలుగా ఉన్నాయి. ఆ వాసనలో నా ఒంటి మీది రొయ్యల వాసన తెలియదు కనక, అక్కడ నడిచినంతసేపు నాకు ధైర్యంగానే ఉంది. పరీక్ష గదిలో బల్ల మీద నా పక్కన కూర్చున్న పిల్ల కాస్త జరిగింది. తర్వాత ఇంకాస్త జరిగి, వెనక పిల్లతో గుసగుసగా ఏదో అంది. ఇద్దరూ ముక్కులు చిట్లించి నవ్వారు. ముందు రోజైతే నేను ఆ బల్ల తిరగేసి ఉండేదాన్ని. అప్పుడు మాత్రం, దీన్ని ఎక్కడ పెట్టాలో నాకు తెలుసు అనుకుని కాగితం ముందుకు లాక్కున్నాను.

నా పక్షం ఏదో ఒక్క వాక్యంలో చెప్పి, వెంటనే మా నాయన పక్షం ఎత్తుకున్నాను. ఆయన చెప్పినట్టే రాశాను. పాడు గురించి తెలియని వాళ్లు చదువుతారు కాబట్టి అది ఎంత న్యాయమైనదో వాళ్లకు అర్థమయ్యేటట్టు రాశాను. జేబురుమాలు సంగతి రాశాను. మా అమ్మ గంప గురించి రాసి, ఈ మాటకు నా వద్ద సమాధానము లేదు అని అట్లాగే ఒప్పుకున్నాను. పర్యవేక్షణకు తిరుగుతున్న ఒకామె, గంజి పెట్టిన చీర కట్టుకున్న పెద్దావిడ, నా వెనక ఆగి చదివింది. “నువ్వు వాళ్ల వైపే రాస్తున్నావు పాపా. తెలుస్తోందా?” అంది జాలిగా. తెలుస్తోందండీ అన్నాను. సగం సమయం అయిందని గంట కొట్టారు. ఎదుటి పక్షం ఇంకొక్క పేరా సాగదీస్తే నాకు చోటు మిగలదు. అక్కడితో ఆపి, ‘అయినను’ అని రాసి, ఒడ్డున అరిచిన ప్రశ్నలన్నీ వరుసగా దించాను. ఈసారి రాక్షసులు లేరు, మూర్ఖులు లేరు. చివరి గంట కొట్టేసరికి ముగింపు అంటూ ఏదీ రాయలేదు. ‘పిలవని పేరు గల బిడ్డకు ఏది తగిన చదువో ఈ ప్రశ్న వేసినవారే చెప్పవలెను’ అన్న దగ్గర కాగితం లాక్కున్నారు.

చోటు నాకే దక్కింది. హాస్టలులో చేరిన రోజున ఆ సంస్థ పెద్దమనిషి ఒకాయన అందరి ముందు నా నెత్తి మీద చెయ్యి వేసి, చేపలవాళ్ల పిల్ల అయినా ఎంత చక్కగా ఆలోచించిందో చూడండి అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఆ ‘అయినా’ నాకు ఈనాటికీ మింగుడుపడలేదు. వాళ్లు నా వ్యాసం మెచ్చుకున్నారు. అందులో ఆఖరు వాక్యం తమనే అడుగుతోందని మాత్రం ఒక్కరికీ తోచలేదు. ఆ మరుసటి ఏడు కూడా అదే తీరు ప్రశ్న ఇచ్చారని విన్నాను.

తోచింది మా నాయనకు. ఆ ఏడు వానలకు ముందు పేర్లు పిలిచే రోజున ఆయన లేచి నిలబడి, నా కూతురి పేరు మీరెందుకు పిలవరని అడిగాడట. జనం పడీపడీ నవ్వారట. పిల్ల గూడూరులో కూర్చుంటే ఇక్కడ వల నువ్వేస్తావా, మీ ఆవిడేస్తుందా అన్నారట. ఇదంతా మా అమ్మ చెప్పింది. ఆయన మాత్రం నాతో ఆ ఊసే ఎత్తలేదు. నా చదువు ఆపాలన్న మాట కూడా మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు. మధ్యలో రెండేళ్లు మా అమ్మ మెడనొప్పితో మంచాన పడింది. అప్పుడు కూడా ఎత్తలేదు. ఒప్పుకోక ముందే ఆయన అన్నీ చెప్పేసి ఉన్నాడు, నేను అన్నీ విని ఉన్నాను. మా మధ్య దాచిన మాట మిగల్లేదు.

తర్వాత నేనూ కాలేజీకి పోయాను, వాదాల పోటీల్లో నిలబడ్డాను, ఎన్నో పరీక్షలు గంట కొట్టేలోగా రాశాను. ఉద్యోగంలో కూడా చాలామందితో పోట్లాడాను. ప్రతిసారీ ఎదుటివాడి పక్షం మొదట నా నోటితో చెబుతాను, అతను తల ఊపేదాకా. ఇది మంచితనమని కొందరు పొరపాటు పడతారు. అట్లా చెప్పడం మొదలుపెట్టాక ఒక్కొక్కసారి నేను పొరపడ్డానని తెలిసి నోరు మూసుకుని కూర్చున్న రోజులున్నాయి. మిగిలిన రోజుల్లో, అవతలి మాటను పూర్తిగా పలికాక కూడా నా కోపం అట్లాగే నిలబడి ఉంటే, ఇక దాన్ని ఎవరి కోసమూ తగ్గించుకోను. పిల్లను తనకు చదువు తగునా అని వాదించి చూపించమన్న ఆ ప్రశ్న వేసినవారి పక్షం కూడా ఇన్నేళ్లలో ఎన్నోసార్లు, నిజాయితీగా, వాళ్లు విన్నా అవుననేటట్టు చెప్పి చూశాను. చెప్పిన ప్రతిసారీ వాళ్ల మీద కోపం అంతే ఉంది.